మీ తాత ఈ బళ్లో చదివాడా?

సార్నియాలో కాలేజీకి వచ్చిన మన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి కడుపులో పడి కాస్త స్థిమితపడ్డాక ఎవరో ఒకరు అడుగుతారు: "ఆంటీ, మీరు ఏ కంపెనీలో రిటైర్ అయ్యారు?" కంపెనీ కాదు నాయనా, హైస్కూల్లో టీచర్ని అంటాను. "మ్యాథ్సా?" అంటారు. కాదు, హిస్టరీ అంటాను. అప్పుడు వాళ్ల మొహాల్లో కనిపించే జాలి చూసి తీరాలి. కెనడా దాకా వచ్చి, ఇక్కడి పిల్లలకి చరిత్ర చెప్పి జీతం పుచ్చుకున్న తెలుగావిడ ఒకర్తి ఉంటుందని వాళ్లు కల్లో కూడా అనుకుని ఉండరు.

మొన్న ఒకబ్బాయి ఇంకో మెట్టు ఎక్కాడు. "అయిపోయిన విషయాలే కదా ఆంటీ, వాటిని చెప్పడానికి ఒక జాబా?" అన్నాడు. చేతిలో పెరుగు గిన్నె ఉండబట్టి బతికిపోయాడు. ఆ పూట చెప్పని జవాబు ఇప్పుడు రాస్తున్నాను. వాడితోపాటు మీరూ వినండి.

మా ఆయన ఇక్కడి రిఫైనరీలో ఇంజనీరుగా చేరినప్పుడు నేను విశాఖలో చేసిన ఎమ్మేని సూట్‌కేసు అడుగున పెట్టుకుని వచ్చాను. ఇక్కడ మళ్లీ టీచర్ ట్రైనింగ్ చదివి, అయిదారు చోట్ల సెలవు పెట్టినవాళ్ల బదులు ఒకరోజు టీచర్‌గా తిరిగి, చివరికి ఒక బళ్లో కుదురుకున్నాను. అక్కడ పదకొండో తరగతిలో అమెరికా చరిత్ర చెప్పేదాన్ని. కిటికీలోంచి చూస్తే నది, నది దాటితే అమెరికా. అయినా మా పిల్లలకు వంతెన అవతల చవగ్గా దొరికే బూట్ల గురించి తెలిసినంత వాళ్ల చరిత్ర గురించి తెలియదు.

అంతర్యుద్ధం చెప్పినన్నాళ్లూ క్లాసు చెవులు రిక్కించుకుని వినేది. ఫిరంగులు, జనరళ్లు, తగలబడిన ఊళ్లు. యుద్ధం అయిపోయిందనగానే వెనక బెంచీలో తలలు వాలిపోయేవి. నాకు మాత్రం కథ అక్కడే మొదలవుతుంది. తగలబడిన ఇల్లు తిరిగి కట్టుకోవడం ఒక ఎత్తు, కట్టిన ఇంట్లో ఎవరెవరికి గది ఉండాలన్న తగాదా ఒక ఎత్తు. బానిసత్వం పోయింది. నిన్నటిదాకా అమ్ముడుపోయిన మనిషి ఓటు వేశాడు, ఎన్నికల్లో నిలబడ్డాడు, గెలిచి చట్టసభలో కూర్చున్నాడు. దాదాపు పన్నెండేళ్లు అలా సాగింది. తర్వాత కాపలాగా ఉన్న సైన్యం వెనక్కి వెళ్లిపోయింది, ఇచ్చిన హక్కులన్నీ ఒక్కొక్క మెలిక పెట్టి లాక్కోవడం మొదలైంది. ఓటుకు ముందు పన్ను కట్టాలన్నారు. పరీక్ష పాసవ్వాలన్నారు. ఆ పరీక్షలో తెల్లవాళ్లు కూడా తప్పుతున్నారని తెలిశాక, మీ తండ్రికో తాతకో యుద్ధానికి ముందు ఓటు ఉండి ఉంటే మీకు పరీక్ష అక్కర్లేదన్నారు. బానిస తాతకు ఓటెక్కడిది? ఆ చట్టాల్లో ఎక్కడా నల్లవాడన్న మాటే ఉండదు. తాత అన్న మాట ఉంటుంది, అంతే.

ఆ పాఠం చెప్పిన మర్నాడు జరిగిన సంగతి ఇది. నేను రిటైరవ్వడానికి కొంచెం ముందు మాట.

ఆ ఏడు మా క్లాసులో ఇద్దరు పిల్లల్ని మీరు గుర్తుపెట్టుకోవాలి. ఒకమ్మాయి మన తెలుగు పిల్ల, కరీంనగర్ వైపు నుంచి ఆ సెప్టెంబర్లోనే వచ్చింది. వాళ్లమ్మ ఇక్కడి కాలేజీలో కోర్సు చేసి, వృద్ధుల కేర్ హోమ్‌లో షిఫ్టులు చేసేది. నాన్న ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీకి సామాను అందించే గోడౌన్లో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. రెండోవాడు నల్లజాతి కుర్రాడు, మా బడికి మారి ఏడాదే అయినా రగ్బీ టీములో అందరికంటే బాగా ఆడేవాడు. వాడి పూర్వీకులు బానిసత్వం నుంచి పారిపోయి వచ్చి, ఇక్కడికి దక్షిణంగా గంటన్నర దూరంలో భూమి చదును చేసుకుని స్థిరపడ్డారు, వాళ్ల తాత కాలంలో ఈ ఊరు చేరారు. వాళ్ల కుటుంబానికి ఈ దేశంలో ఉన్నంత పాత పునాది మా స్టాఫ్‌లో సగంమందికి లేదు.

తెలుగు పిల్ల స్టూడెంట్ కౌన్సిల్ ప్రెసిడెంటుగా నిలబడాలనుకుంది. దానికి కారణం బస్సు. సార్నియాలో సిటీ బస్సుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కారు లేని ఇంటి పిల్లలు, ఉన్నా అమ్మానాన్నలు షిఫ్టుల్లో ఉండే పిల్లలు బడి అయ్యాక ఏ క్లబ్బుకీ, ఏ ఆటకీ ఉండలేకపోయేవాళ్లు, బడి బస్సు వెళ్లిపోతే నడకే గతి. వారంలో రెండు రోజులు ఆలస్యంగా ఇంకో బస్సు వేయించాలని ఆ పిల్ల పట్టుదల. తనకి సైన్స్ క్లబ్బు మీద ప్రాణం, ఒక్కరోజు కూడా ఉండి ఎరగదు.

ఆ ఉదయం క్లాసులోకి వస్తూనే అంది, "మిస్, నా అప్లికేషన్ రిజెక్ట్ చేశారు." క్లాసులో అందరిలాగే నన్ను మిస్ అనేది, బయట మాత్రం మేడమ్.

రగ్బీ కుర్రాడు ఫోన్లో కొత్త నిబంధన తీసి గట్టిగా చదివాడు. ప్రెసిడెంటుగా నిలబడేవాళ్లు ఈ బళ్లో రెండేళ్లు చదివి ఉండాలి. తల్లిదండ్రులు గానీ తాతలు గానీ ఇక్కడ చదువుకున్నవారికి ఇది వర్తించదు. చదవడం ఆపి నా వైపు చూశాడు.

"మిస్, ఇది నిన్న మీరు చెప్పిన తాత రూలే కదా?"

క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. వెనకనుంచి ఎవడో ఆకతాయి తెలుగు పిల్లని అడిగాడు, "ఏం, మీ తాత ఈ బళ్లో చదివాడా?"

ఆ పిల్ల వెనక్కి తిరిగి, "మా తాత ఏ బళ్లోనూ చదవలేదు," అంది.

నవ్వులు ఆగిపోయాయి. రగ్బీ కుర్రాడు ఫోను బల్ల మీద బోర్లించాడు. "మా తాత చదివాడు. మా నాన్న కూడా చదివాడు. నేను నిలబడొచ్చు. నాకు కోపం వస్తున్నదే అందుకు," అన్నాడు. ఆ రోజు నేను అనుకున్న పాఠం చెప్పలేదు.

ఆ నిబంధన రాసింది మా రగ్బీ కోచ్, స్టూడెంట్ కౌన్సిల్ బాధ్యత కూడా ఆయనదే. ఆయన్ని మీరు దుర్మార్గుడనుకుంటే నా కథ మొత్తం తప్పుగా అర్థమైనట్టే. చలికాలంలో మా ఇంటి ముందు మంచు నాకంటే ముందే లేచి ఊడ్చిపెట్టి, థాంక్స్ చెప్పేలోపు వెళ్లిపోయే మనిషి. అంతకుముందు ఏడాది ప్రెసిడెంటుగా గెలిచిన పిల్ల మధ్యలో వేరే ఊరు వెళ్లిపోయింది, కౌన్సిల్ పనులన్నీ ఈయన నెత్తిన పడ్డాయి. అందుకని రెండేళ్ల నిబంధన పెట్టాడు. తర్వాత ఊళ్లో పాత కుటుంబం వాళ్ల అబ్బాయి ఒకడు వేరే బడినుంచి మారి వచ్చాడు. వాళ్ల తాత మా బడి టీముకి ఒకప్పుడు కెప్టెన్. వాడికి అడ్డం పడకూడదని రెండో వాక్యం చేర్చాడు. అంతా మంచితనమే. స్టాఫ్ మీటింగులో చేతులెత్తి ఒప్పుకున్నారు, నేను ఆ రోజు పళ్ల డాక్టరు దగ్గర ఉన్నాను. ఉన్నా నిద్రపోయి ఉండేదాన్నేమో, అది వేరే సంగతి.

స్టాఫ్ రూములో మైక్రోవేవ్ దగ్గర కోచ్‌ని పట్టుకున్నాను. సంగతి చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"అంటే నేను రేసిస్టుననా నువ్వనేది?"

"నేను మిమ్మల్ని ఏమీ అనలేదు. మీరు రాసింది ఏం చేస్తుందో చెబుతున్నాను."

"ముప్పై దేశాల పిల్లలు నా టీముల్లో ఆడారు."

"ఆడారు. మరి ఆడ్డానికి తాతను తెచ్చుకోమన్నారా?"

నా గొంతు కాస్త పెద్దదే. పక్క గదిలోంచి సెక్రటరీ తొంగి చూసింది. కోచ్ తన సూపు గిన్నె మైక్రోవేవ్‌లోనే వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నాకూ మాట్లాడాలనిపించలేదు. మంచివాళ్లతో పోట్లాడటం ఎంత కష్టమో చెడ్డవాళ్లతో పోట్లాడినవాళ్లకి తెలియదు.

మా క్లాసు ఊరుకోలేదు. నిబంధన తీసెయ్యాలని ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లారు. ఆవిడ మృదువుగా మాట్లాడే మనిషి. ఎంత పెద్ద గొడవైనా "మనం పాజిటివ్‌గా ఆలోచిద్దాం" అనే మాటతో దుప్పటి కప్పేసేది. శుక్రవారం మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని మాట్లాడదామంది.

గురువారం సాయంత్రం ఆ పిల్ల వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. కేర్ హోమ్ యూనిఫారంలోనే ఉంది, డ్యూటీకి వెళ్తూ దారిలో ఆగింది. టీ ఇస్తే పట్టుకుంది గాని తాగలేదు.

"మేడమ్, మా పిల్ల పేరు వాపస్ తీస్కోవాలె. మీరు జర చెప్పున్రి దానికి. నా మాట ఇంటలేదు."

"ఎందుకమ్మా తీసుకోవాలి?"

"మాకెందుకు మేడమ్ ఈ లొల్లి? పీఆర్‌కి అప్లై చేసి కూసున్నం. స్కూల్ల పేరు ఖరాబైతే రేపు ఏమైతదో ఎవరికి తెలుసు?"

స్కూలు ఎలక్షన్‌కీ పీఆర్‌కీ, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికీ, సంబంధమే లేదని చెప్పాను. తలూపింది గాని నమ్మలేదు. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద కాదు, ఈ భయం మీద. మనవాళ్లు పార్టీల్లో, గుళ్లో, కార్ పూల్‌లో ఒకరికొకరు అంటించుకునే భయం ఇది. పీఆర్ వచ్చేదాకా నోరు మూసుకో. పీఆర్ వచ్చాక సిటిజన్‌షిప్ దాకా మూసుకో. అదీ వచ్చాక పిల్లల యూనివర్సిటీ దాకా మూసుకో. ఇంక తెరిచేదెప్పుడు?

"పీఆర్ వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చుంటే, వచ్చాక నోరు ఎలా తెరవాలో మర్చిపోతాం," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి సూటిగా చూసింది. "మీకు కెనడా పాస్‌పోర్ట్ ఉంది మేడమ్. మీరంటరు."

దానికి ఏం చెప్పాలో మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి. టీ అక్కడ పెట్టేసి వెళ్తూ గుమ్మంలో ఆగి, "దానికి మీరంటే గౌరవం. మీరొద్దంటే మానుకుంటది," అంది. వద్దని చెప్పనన్నాను. నిలబడమని కూడా చెప్పను, అది తనే తేల్చుకోవాలన్నాను. ఆవిడ డ్యూటీకి వెళ్లిపోయింది.

శుక్రవారం లైబ్రరీలో ప్రిన్సిపల్, కోచ్, కౌన్సిల్ పిల్లలు ఒకవైపు కూర్చున్నారు. మా క్లాసు ఇంకోవైపు. తెలుగు పిల్ల వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చింది. నా వైపు చూడకుండా ముందు వరసలో కూర్చుంది.

కోచ్ తన కారణాలు చెప్పాడు. నిజాయితీగానే చెప్పాడు. "ఈ బడి సంప్రదాయాలు తెలిసినవాళ్లు ఉండాలన్నదే నా ఉద్దేశం. ఆ రెండో వాక్యం మామూలు ఇంగితంతో రాసింది," అన్నాడు.

రగ్బీ కుర్రాడు లేచాడు. తన కోచ్ ముందు అలా లేవడం వాడికి తేలిక కాదు, మర్నాడు మ్యాచ్ ఉంది. "కోచ్, మా వంశంలో ఒకాయన యుద్ధం అయిపోగానే ఇక్కణ్ణుంచి లూసియానా వెళ్లాడు. అక్కడ పిల్లలకు చదువు చెప్పడానికి, తనూ ఓటు వెయ్యడానికి. చాలాసార్లు వేశాడు. ముసలివాడయ్యాక ఒకరోజు, మీ తాతకు ఓటుందా అని అడిగారు. ఆ తర్వాత తిరిగి వచ్చేశాడు. మా ఇంట్లో ఇది చిన్నప్పట్నుంచీ చెప్పుకుంటారు. ఆయన్ని పంపేసిన రూలూ, నన్ను రమ్మంటున్న రూలూ ఒకటే. నాకు అలా రావాలని లేదు."

"తాతకు ఓటు లేకపోతే మనవడికీ లేదన్నారా?" అని అడిగాడు కోచ్. ఆయనకు ఆ చరిత్ర నిజంగా తెలియదని అప్పుడు నాకు అర్థమైంది. ఎవరూ చెప్పకపోతే ఇంత మంచి మనిషి చేత్తోనే మళ్లీ మళ్లీ రాయబడుతుంది అది.

ప్రిన్సిపల్ తన దుప్పటి బయటికి తీసింది. "ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. మనం పాజిటివ్‌గా ఆలోచిద్దాం. ఈ నిబంధన ఉండాలా వద్దా అని బడి మొత్తం ఓటింగ్ పెడదాం. ఇంతకంటే ప్రజాస్వామ్యం ఏముంటుంది?"

కౌన్సిల్ పిల్లలు చప్పట్లు కొట్టారు. మా క్లాసులో కూడా కొందరు తలలూపారు. నేను లేచాను.

"ఓటింగ్ పెట్టడానికి వీల్లేదు."

"హిస్టరీ టీచర్ అయి ఉండి మీరు ఓటింగ్ వద్దంటున్నారా?" ప్రిన్సిపల్ చిరునవ్వుతోనే అడిగింది.

"లోపల ఉన్నవాళ్లు ఓటేసి, బయట ఉన్నవాళ్లను రానివ్వాలా వద్దా అని తేల్చడం నేను ఏళ్ల తరబడి పాఠం చెబుతున్నాను. అది ఎలా ముగుస్తుందో నాకు తెలుసు, ఈ పిల్లలకూ తెలుసు. మీకు తెలియకపోతే పదకొండో తరగతిలో కూర్చోండి."

ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది, నిజమే. ప్రిన్సిపల్ చిరునవ్వు పోయింది. ఇది నా ఉద్యోగం మీదికి వస్తుందేమో అని క్షణం అనిపించింది, వస్తే రానీ అని కూడా అనిపించింది.

అప్పుడు తెలుగు పిల్ల లేచి నిలబడింది. ఇంగ్లీషులో అన్న మాటని మీకు తెలుగులో చెబుతున్నాను.

"నేను నిలబడొచ్చో లేదో మీరు ఓటేసి చెప్పకండి. నన్ను నిలబడనివ్వండి. తర్వాత ఓటెయ్యండి. ఇష్టం లేకపోతే ఓడించండి."

బెల్ మోగింది. తర్వాతి పీరియడుకి వెళ్లమని ప్రిన్సిపల్ అంది. మా క్లాసులో ఒక్కరూ లేవలేదు. నేను కూర్చోమని చెప్పలేదు, లేవమనీ చెప్పలేదు. కౌన్సిల్ పిల్లలు సగం లేచి, అటూ ఇటూ చూసి, మళ్లీ కూర్చున్నారు. లైబ్రరీ బయట కారిడార్లో గోల పెరిగి తగ్గింది.

కోచ్ మాత్రం లేచి తలుపు దాకా వెళ్లాడు. అక్కడ ఆగి రగ్బీ కుర్రాడి వైపు చూశాడు. కుర్రాడు కదల్లేదు. ఆయన వెనక్కి వచ్చి కుర్చీ లాక్కుని దబ్బున కూర్చున్నాడు.

"ఆ రెండు వాక్యాలూ రాసింది నేను. నేనే తీసేస్తున్నాను," అన్నాడు. నా వైపు చూడలేదు.

"సరే, ఈ ఏడాదికి తీసేద్దాం," అంది ప్రిన్సిపల్.

"ఈ ఏడాదికి కాదు," అన్నాను నేను.

"ఇవాళ్టికి ఇది చాలు," అంది ప్రిన్సిపల్.

"పన్నెండేళ్లకి కూడా కాదు," అని వెనకనుంచి ఎవరో అన్నారు. మా క్లాసు మాత్రమే నవ్వింది, ఆ లెక్క వాళ్లకే తెలుసు. అన్నది మొన్నటి ఆకతాయే. పాఠాలు చెప్పుకునే జీవితంలో అంతకంటే పెద్ద జీతం నాకు ముట్టలేదు.

అయినా ప్రిన్సిపల్ 'ఈ ఏడాదికి' అన్న మాట దగ్గరే ఆగింది. నేను రిటైరయ్యే లోపు ఆ మాట తీయించడానికి ఇంకా రెండు మీటింగులు, నానా పేచీలు పట్టాయి. ఆ సంవత్సరం మా డిపార్ట్‌మెంటుకు కొత్త ప్రొజెక్టర్ రాలేదు. యాదృచ్ఛికమే అన్నారు. పిల్లలూ, ఇక్కడే మీరు గమనించాల్సింది ఉంది. హక్కు వచ్చిన రోజున పండగ చేసుకుని ఇంటికి వెళ్లిపోతారు అందరూ. దాన్ని వెనక్కి తీసుకునేవాళ్లు మాత్రం ఇంటికి వెళ్లరు, మీటింగుకి కూర్చుంటారు. అలాంటి మీటింగులు నాకు పరమ విసుగు. అయినా పోయి కూర్చునేదాన్ని.

ఎన్నికకి ముందు జిమ్‌లో ప్రసంగాలు పెట్టారు. ముగ్గురు నిలబడ్డారు. మన పిల్ల బస్సు గురించే మాట్లాడింది. జోకులు వెయ్యలేదు, మిఠాయిలు పంచలేదు. మిగతా ఇద్దరూ రెండూ చేశారు. కోచ్ జిమ్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు. చప్పట్లు ఒక మాదిరిగా పడ్డాయి. ఫలితం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసిపోయింది, చెప్పడానికి మనసొప్పలేదు.

ఫలితాలు చెప్పిన సాయంత్రం నేను కారు దగ్గరికి వెళ్తుంటే ఆ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. గెలిచిందేమో అనుకున్నాను.

"మేడమ్, ఓడిపోయిన!" అంది.

"అంత సంతోషంగా చెబుతున్నావేమిటే?"

"ఓట్లు వచ్చినయ్ మేడమ్. నాకు తెల్వనోళ్లు కూడా వేసిన్రు."

నాకు ఏడుపొచ్చింది, పార్కింగ్ లాట్‌లోనే ఏడ్చాను. ఎందుకు సిగ్గుపడాలి? యుద్ధం గెలిచి, చట్టాలు రాసి, చివరికి ఒక దేశం తన మనుషుల్లో కొందరికి ఇవ్వలేకపోయింది ఇదే. అందరితోపాటు నిలబడి, అందరిలాగే ఓడిపోవడం.

వాళ్లమ్మ కారు వచ్చి మా పక్కన ఆగింది. యూనిఫారంలోనే ఉంది, మళ్లీ డ్యూటీకి టైమవుతున్నట్టుంది. కిటికీ దించింది.

"ఏమాయె?"

"థర్డ్, అమ్మా."

"ముగ్గుర్లనా?"

"ముగ్గుర్లనే."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపేసింది.

"ఓడగొట్టిన్రు గని ఆపలేకపోయిన్రు కద," అంది కూతురితో. "ఎక్కు. బెల్ట్ పెట్టుకో."